కరువు సాయం ఎవరి పేరు మీద వస్తుంది?

నేను చదివింది తమిళ బడిలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దండి.

2023 డిసెంబరు 17, 18 తేదీల వాన మన తూత్తుకుడి, తిరునెల్వేలి వాళ్ళు మరిచిపోలేరు. కాయల్‌పట్నంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్లు కురిసింది. తిరుచెందూరు ఎక్స్‌ప్రెస్ శ్రీవైకుంఠం స్టేషనులో చిక్కుకుపోయింది. రైల్వేలో పనిచేసినవాడిని కాబట్టి ముందు నా మనసు ఆ రైలు మీదికే పోయింది. తరువాత పొలాల సంగతి విన్నాను. పంట మునిగినవాళ్ళలో కొందరికి సాయం వచ్చింది, కొందరికి రాలేదు. ఎందుకని పాత చరిత్ర వెతికాను.

1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌండంటే అర కిలో కూడా లేదు. ఆ తిండితో మట్టి పని చేస్తే మనిషి నిలవడని మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మద్రాసులో అడయారును, కూవంను కలిపే బకింగ్‌హాం కాలువ ముక్క ఆ కరువు కూలీలు తవ్వినదే.

తరువాత స్ట్రాచీ కమిషను 1880లో నివేదిక ఇచ్చింది. పని చేయగలిగినవాడికి పని, చేయలేనివాడికి ఉచిత తిండి, భూమి ఉన్నవాడికి శిస్తు వాయిదా, అప్పు. 1884 చట్టంతో విత్తనాలకు, ఎద్దులకు సర్కారు అప్పు ఇవ్వసాగింది. దానినే తక్కావి అనేవారు. అప్పుకు హామీ కావాలి, హామీ అంటే ఎక్కువగా భూమి. మరి ఒకరి భూమిని గుత్తకు దున్నేవాడి గతి? అతనికి మిగిలింది గంప, పలుగు.

ఇప్పుడు అప్పు కాదు, ఉచితంగానే ఇస్తారు. 2022లో కేంద్రం పెట్టిన లెక్క ఇది: 33 శాతమైనా పంట పోవాలి. హెక్టారుకు మెట్టకు 8,500, తడికి 17,000, తోటలకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. 2015కు ముందు సగం పంట పోతేనే ఇచ్చేవారు. అంత మేరకు మేలే. కానీ డబ్బు వెళ్ళేది కాగితంలో పేరున్నవాడికి.

మా నాయన కరిసల్ నేల గుత్తకు చేసేవాడు. నా చిన్నప్పుడు ఒక ఏడు పత్తి మొత్తం ఎండిపోయింది. సాయం పట్నంలో ఉన్న పట్టాదారు పేరు మీద వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ మాకు ఇవ్వాలని ఆయనకు తోచలేదు, అడగాలని మా నాయనకు నోరు రాలేదు. ఆ ఏడు మా అమ్మ చెవి కమ్మలు పోయాయి. మరుసటి ఏడు మేము ఊరు విడిచాము.

గుత్తదారు పేరు రాసుకోవడానికి తమిళనాడులో 1969 నుంచే చట్టం ఉంది. ఆంధ్రలో 2019 చట్టంతో సాగుదారుకు 11 నెలల కార్డు ఇస్తారు, దానికీ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం, అడిగితే వచ్చే ఏడు గుత్త పోతుందేమోనని సాగుదారుకు భయం.

కాబట్టి ఒక మనవి. మనలో చాలా ఇళ్ళలో పట్టా ఇంకా తాతల పేరు మీద, కూట్టు పట్టాగానే ఉంది. ఐప్పసి వానలు రాకముందే పేరు మార్పించండి. ఈ ఏడు వేసిన పంట అడంగల్‌లో ఎక్కిందా అని వీఏవో దగ్గర చూసుకోండి. మీ నేల ఇంకొకరు సాగు చేస్తుంటే, సాయం వచ్చిన రోజు ఆ మనిషిని మీరే పిలవండి. అతను వచ్చి అడగడు. మా నాయన అడగలేదు.