చెత్త బడి నుంచి అడవి బడి దాకా

సిద్దిపేటలో చెత్త గురించి చెప్పడానికే ఒక బడి పెట్టారు. పేరు స్వచ్ఛ బడి. బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లోని ఇలాంటి కేంద్రమే దీనికి నమూనా. తడి చెత్త ఎరువెట్లా అవుతుందో, పొడి చెత్తను ఎట్లా వేరు చేయాలో బడిపిల్లలూ ఇల్లాళ్లూ కళ్లతో చూసి నేర్చుకుంటారు. ఈ సంగతి తెలిసి ఎంత సంబరపడ్డానో! సర్కారు జాగాలో ఇట్లాంటి చదువు ఎప్పటి నుంచి ఉందని వెతుక్కుంటూ పోయాను.

1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. బడి ఆవరణలో మొక్క నాటే అలవాటు దేశమంతా పాకింది అప్పుడే. రెండేళ్లకు, నిజాం వేటాడిన పోచారం అడవి అభయారణ్యమైంది. తుపాకులు తిరిగిన చోటికి ఇప్పుడు పిల్లలు జింకలను చూడటానికి వస్తారు. ఆ తర్వాత నలభై ఏళ్లూ చెప్పుకోదగ్గది తక్కువే. 1991 నవంబర్‌లో మాత్రం సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో చక్కని తీర్పిచ్చింది: పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలి, సినిమాహాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణ స్లైడ్లు ఉచితంగా వేయాలి. టూరింగ్ టాకీసులకు సైతం మినహాయింపు లేదు.

నా మనసంతా దోచుకున్నది మాత్రం ఆ మరుసటి ఏడు మొదలైన, ఊరి జనమే అడవిని కాపాడే వన సంరక్షణ సమితులు. అంతకుముందు పల్లెల్లో ‘జంగ్లాతోళ్లు’, అంటే అటవీశాఖ వాళ్లు, వస్తున్నారంటే కట్టెల మోపు పారేసి పరుగు తీయడమే. సమితి వచ్చాక ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి. కొట్టేసిన టేకు మోడు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న ఒకటీ రెండూ ఉంచి మిగతావి కోసేయాలి. ఉంచిన పిలకకే వేరు బలమంతా అంది, అది త్వరగా మానవుతుంది. ఏది ఉంచాలో సమితి సభ్యులు కొడవలి చేతపట్టి, మోడు పక్కన కూర్చుని తేల్చుకున్నారు. వాలుకు అడ్డంగా కందకం తీస్తే వాన నీరు అక్కడే ఇంకుతుందనీ, ఎండాకాలం రాకముందే ఆకు ఊడ్చి నిప్పుకు అడ్డుబాట వేయాలనీ పనిలో పనిగా తెలుసుకున్నారు. అడవి ఫలసాయంలో వాటా ఉంది కాబట్టే ఈ చదువు ఒంటపట్టింది. 2002లో ప్రపంచ బ్యాంకు సొమ్ముతో సామాజిక అటవీ యాజమాన్యం పథకం వచ్చింది. అది ముగిశాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. అంత కష్టపడి నేర్చిన చేతులను ఖాళీగా వదిలేశాం. నాకు ఇది పెద్ద నష్టమనిపిస్తుంది. 2015లో మొదలైన హరితహారం కోట్ల మొక్కలు నాటించింది, కానీ సమితుల నాడు ఊరికి అడవి మీద ఉన్న అధికారం తిరిగి రాలేదు.

కందకాల విద్య పూర్తిగా పోలేదు. సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్‌లో ఊరంతా పూనుకుని కందకాలు తవ్వుకుంటే, చూసి నేర్చుకోవడానికి బయటి ఊళ్ల వాళ్లు కదిలొచ్చారు.

ఇదే సిద్దిపేట జిల్లాలోని ములుగులో అటవీ కళాశాల ఉంది. 2016లో దూలపల్లిలో మొదలై, 2019 డిసెంబర్‌లో సొంత ప్రాంగణం ప్రారంభించుకుంది. నాలుగేళ్ల డిగ్రీ చదివే ఆ పిల్లలకు పిలకల పాఠం చెప్పడానికి పాత సమితి ఆడవాళ్లను పిలవాలి, వచ్చినందుకు గౌరవ వేతనమూ ఇవ్వాలి.