దర్శి తామ్రశాసనము – పాఠశోధనము

దర్శిలో దొరకిన పల్లవ తామ్రశాసనమున మిగిలినది యొక్క ఱేకు మాత్రమే. దశనపురమునుండి వెలువడిన యీ సంస్కృతశాసనమును హుల్ట్జ్ పండితుఁడు 1892లో ఎపిగ్రాఫియా ఇండికా ప్రథమసంపుటమునఁ బ్రకటించెను. ఇందు దాత ముత్తాతపేరు ‘వీరకోర్చవర్మ’ యని యున్నది. తొమ్మిదవ శతాబ్దపు వేలూర్పాళైయ శాసనమున ‘వీరకూర్చ’ యని కలదు. వ్యాకరణ మెఱిఁగిన శోధకుని చేయి ‘కోర్చ’ను ‘కూర్చ’గా దిద్దుటకుఁ దహతహలాడును, కూర్చశబ్దము సాధువు గదా! కాని ప్రూఫును దిద్దుట వేఱు, ఱేకును దిద్దుట వేఱు. ప్రూఫున అక్షరములు కూర్చువాని తప్పును మూలముతోఁ బోల్చి తొలఁగింపవలెను. ఱేకునందలి రూపమునో, యున్నదున్నట్లు నిలిపి, సవరణను అధోజ్ఞాపికయందుఁ జూపవలెను. అట్లు గాక మూలమునే మార్చినచో, ఆ పేరు పూర్వ మెట్లు పలుకఁబడెనో విచారించుటకు ఆధారమే యుండదు. దాతపేరు పోయిన ఱేకులతోనే పోయినది. ఆ చోటును హుల్ట్జ్ ఊహతో నింపక, వీరకోర్చవర్మ మునిమనుమఁ డనియే విడిచెను.