రొయ్యల సాగు నిర్వహణ (మైపాడు తీరం)

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు పరిసరాల్లో ఉప్పునీటి గుంటల్లో రొయ్యలు పెంచుతారు. ఈ సాగు వల్ల నీరు, నేల ఎంత చెడతాయన్నది యంత్రాల కన్నా గట్టు మీది మనిషి తెలివిడి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

మేత చల్లే కూలీ కాసేపాగి చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసేందుకు గుంటలో ఉంచే పళ్లెం) పైకి తీసి చూస్తాడు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి. అలా చూడకుండా బస్తాల లెక్కన చల్లితే మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. పట్టుబడి రోజున ఆ నీరే కాలువకు చేరుతుంది. ట్రే చూడటం నేర్పినంత మాత్రాన చాలదు. మేత తగ్గించే చనువు కూడా కూలీకి యజమాని ఇవ్వాలి. చిక్కంతా అక్కడే.

1990ల తొలినాళ్లలో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య జోరు మీద సాగింది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ దాన్ని దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల చెరువులపై కఠిన ఆంక్షలు విధించింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. చిన్న రైతులను సంఘాలుగా కూర్చి మేలైన పద్ధతులు నేర్పేందుకు 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థ ఏర్పడింది. 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి దొరికింది.

రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్స్ వాడకం నిషిద్ధం. వాటి అవశేషాలు బయటపడితే ఐరోపా దేశాలు సరుకును తిప్పి పంపుతాయి.