గళగండము నుండి థైరాక్సిను వరకు: రాయవేలూరు, గుడియాత్తం సీమల ననుసరించి యొక వైద్యచరిత్ర విమర్శ

తెలుగువారు రాయవేలూరని పిలుచు వేలూరునకును, దానికి పడమట కౌండిన్యనది యొడ్డున నున్న గుడియాత్తమునకును తెలుగుదేశముతో గల సంబంధము నేటిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు ఈ రెండూళ్లును, చిత్తూరు, పలమనేరు పట్టణములును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి. గుడియాత్తమున తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. రోగము ముదిరినపుడు కాట్పాడి స్టేషనులో దిగి వేలూరు ఆసుపత్రికి పోవుట రాయలసీమవారికిని, కోస్తావారికిని నేటికిని వాడుకయే. అట్లు పోవువారిలో "థైరాయిడ్ ఉన్నది" అని చెప్పుకొనువారు పెక్కురు. గొంతులోని గ్రంథి మందగించుటచే కలుగు ఈ వ్యాధికి జీవితాంతము మాత్ర మ్రింగవలెనని వైద్యులు చెప్పగానే, వేరు మార్గము లేదా యను ప్రశ్న పుట్టుచున్నది. ఆ ప్రశ్నకు చరిత్ర యేమి సమాధాన మిచ్చుచున్నదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మన ప్రాచీన వైద్యులు గొంతు వాపు నెరుగుదురు. సుశ్రుతసంహిత నిదానస్థానమున గళగండము వాతజము, కఫజము, మేదోజము అని మూడు విధములుగా వర్ణింపబడినది. ఇంతకంటె విశేషము సూత్రస్థానములో నున్నది. ఏ కొండలలో పుట్టిన నదుల నీరు ఏ రోగములకు కారణమగునో చెప్పుచు, సుశ్రుతుడు మహేంద్రగిరి నదులకు బోదకాలును, హిమవత్పర్వత నదులకు గళగండమును ముడిపెట్టెను. కారణము తెలియకున్నను వ్యాధికిని దేశమునకును గల సంబంధము నాతడు గుర్తించెననుట స్పష్టము. హిమాలయ సానువులలో వానలును, మంచును మట్టిలోని అయోడిను నూడ్చివేయుటయే ఆ సంబంధమునకు మూలమని ఆధునికులు కనుగొనిరి.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. గళగండము వాపు పేరు; థైరాయిడ్ మాంద్యము గ్రంథి పని తగ్గుట. వాపు కలిగియు గ్రంథి సరిగా పనిచేయువారు కలరు. వాపు లేకయే గ్రంథి పూర్తిగా మందగించినవారును కలరు. కావున దేవకాంచనపు పట్టతో చేయు కాంచనార గుగ్గులువు గళగండమునకు శాస్త్రోక్తమైన మందు కావచ్చును గాని, ఆ కారణముననే అది థైరాయిడ్ మాంద్యమునకును మందగునని చెప్పుట తర్కమునకు నిలువదు. పూర్వగ్రంథముల నుదహరించువారు తరచుగ ఈ భేదమునే విస్మరించుచున్నారు.

పాశ్చాత్యదేశములందును ఈ వ్యాధిస్వరూపము ఆలస్యముగనే తెలిసినది. 1873లో లండనులో విలియం గల్ ముఖము ఉబ్బి, మాట మందగించి, దేహము చల్లబడిన స్త్రీలను గూర్చి వ్రాసెను. 1883లో స్విట్జర్లండు శస్త్రవైద్యుడు కోచర్, గ్రంథిని పూర్తిగా తీసివేసిన రోగులకును అట్టి దురవస్థయే కలుగుచున్నదని వెల్లడించెను. 1891లో న్యూకాజిల్ నగరమున జార్జి మర్రే గొఱ్ఱె గ్రంథినుండి తీసిన రసమును 46 ఏండ్ల రోగిణికి సూదిమందుగా నిచ్చెను. ఆమె కోలుకొని మరి 28 ఏండ్లు జీవించెను. మరుసటి సంవత్సరముననే గ్రంథిని నోటిద్వారా నిచ్చినను గుణమిచ్చునని తేలినది. నాటి దృష్టిలో ఇదియే ప్రత్యామ్నాయ చికిత్స! కాని అది పరీక్షకు నిలిచినది, నిలిచినందుననే శాస్త్రమైనది. 1914లో కెండాల్ ఆ గ్రంథిసారమును స్ఫటికరూపమున వేరుచేసెను. 1927 నాటికి హారింగ్టన్, బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. నేటి థైరాక్సిను మాత్రకు మూలమిదియే.

ఈ కాలముననే వేలూరున ఆధునిక వైద్యము వేరూనినది. 1870లో రాణిపేటలో జన్మించిన ఐడా స్కడర్ వైద్యవిద్య ముగించి వచ్చి 1900లో చిన్న వైద్యశాల నారంభించెను. 1902లో షెల్ ఆసుపత్రి వెలసినది. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల ప్రారంభమైనది. అదియే నేటి క్రిస్టియన్ మెడికల్ కళాశాల. ఆమె వారము వారము గుడియాత్తం దారిని పోవుచు, దారిప్రక్కన చెట్లనీడ నాగి రోగులను చూచెడిది. ప్రసవవేదనలు, జ్వరములు, పుండ్లు కన్నులకు కనబడును గాని, సంవత్సరముల తరబడి మెల్లమెల్లగా వచ్చు ఈ మాంద్యము చెట్టునీడలోని పరీక్షకు సులభముగా చిక్కునది కాదు. అలసటను వయసుకును, ఒడలి బరువును తిండికిని, మతిమరపును సంసారభారమునకును ఆరోపించుట లోకస్వభావము. అందువలన రోగనిర్ణయమే ఈ వ్యాధి చరిత్రలో ప్రధాన సమస్య యైనది.

ఆ నిర్ణయమునకు పెక్కు మార్గములు వెదకబడినవి. రోగి పీల్చు ప్రాణవాయువును కొలిచి దేహాగ్నిని లెక్కించు పద్ధతి కొంతకాలము నడచినది. 1942లో అమెరికా వైద్యుడు బ్రోడా బార్న్స్ ఉదయమున పడకనుండి లేవకముందే చంకలో ఉష్ణమాపకము నుంచి, 97.8 డిగ్రీలకు తగ్గినచో గ్రంథి మందగించెనని యెంచవచ్చుననెను. ఖర్చు లేని యీ పద్ధతికి నేటికిని అభిమానులు కలరు. అయితే దేహోష్ణము ఋతువునుబట్టియు, నిద్రనుబట్టియు, స్త్రీల నెలసరినిబట్టియు మారును. 1960ల తరువాత రక్తములోని టి.ఎస్.హెచ్. అను ప్రేరకమును కొలుచుట సాధ్యమైనది. గ్రంథి తగ్గినకొలది మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి దీనిని హెచ్చుగా విడుచును గనుక, వ్యాధి కంటికి కనబడకముందే ఆచూకి తెలియును.

ఈ చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన యధ్యాయము మరియొకటి కలదు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివి, కూనూరు పోషణ పరిశోధనాలయమున పనిచేసిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుండి హిమాలయములలోని కాంగ్రా లోయలో గళగండమును పరిశోధించెను. సుమారు లక్షమంది ప్రజలున్న గ్రామములను మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును ఇచ్చిరి. ఆరేండ్లలో మొదటి రెంటియందు వ్యాధి గణనీయముగా తగ్గెను; మూడవదానియందు తగ్గలేదు. 1962లో జాతీయ గళగండ నివారణ పథకము మొదలైనది. సుశ్రుతుడు నీటియందు వెదకిన కారణమునకు ఉప్పు పొట్లము సమాధానమైనది. రామలింగస్వామి పనిచేసిన కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది.

అయినను ఉప్పుతో సమస్త మాంద్యమును తీరదు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధిలో దేహరక్షణ శక్తియే గ్రంథిపై తిరుగబడునని 1956లో తేలినది. అయోడిను లోపము తొలగిన ప్రాంతములలో మాంద్యమునకు ఇదియే ముఖ్యకారణము. అట్టివారికి సముద్రపు నాచు పొడులు, అయోడిను చుక్కలు మేలు చేయకపోవుటయే గాక కీడును చేయగలవు. ఆహారనియమము, వ్యాయామము, యోగాభ్యాసము దేహమునకు మేలే. అవి మాత్రకు తోడు కాగలవు గాని బదులు కాజాలవు.

ఇందు పందెము చిన్నది కాదు. గర్భిణి మాత్రను మానినచో కడుపులోని శిశువు మెదడు పెరుగుదలకే హాని కలుగవచ్చును. పుట్టుకతో గ్రంథిలోపమున్న శిశువునకు తొలి వారములలో మందు దొరకినచో అందరివలె పెరుగును. దొరకనిచో ఆ బుద్ధిని తరువాత నెవ్వరును తిరిగి యీయలేరు. శిశువు మడమనుండి తీసిన రక్తపుబొట్టుతో ఈ లోపమును కనిపెట్టు పద్ధతి 1970లలో వచ్చినది. పరగడుపున నీటితో మాత్ర వేసికొని, కాఫీకిని, సున్నపు, ఇనుప మాత్రలకును తగిన యెడము పాటించుటయే రోగి చేయవలసిన నియమము. గుణము కనబడనిచో మొదట విచారింపదగినది ఈ నియమమే. మందును మార్చుట తరువాతి మాట.

గొఱ్ఱె గ్రంథియు, అయోడిను ఉప్పును, చంకలోని ఉష్ణమాపకమును ఒకప్పుడు క్రొత్తదారులే. మొదటి రెండును పరీక్షకు నిలిచి రాజమార్గములైనవి, మూడవది నిలువలేదు. ప్రాచీనమని నమ్ముటయు, విదేశీయమని త్రోసిపుచ్చుటయు సమానముగా దోషములే. గుడియాత్తము దారిలో చెట్టునీడన ప్రారంభమైన వైద్యము నేడు ఒక్క రక్తపుబొట్టుతో ఈ రోగమును పట్టగలుగుచున్నది. ఆ సౌకర్యమును ఉపేక్షించి వదంతులను నమ్మువారు తమ పూర్వులకు లేని భాగ్యమును చేజేతుల వదలుకొనుచున్నవారగుదురు.