ఏ ఎల్లారెడ్డి?



ఉద్యోగ విరమణ తరువాత ఎల్లారెడ్డి ప్రాంత చరిత్రను నాలుగు పుటలలో రాసిపెట్టాలన్న కోరిక నాకు కలిగింది. కోటలు, గుడులు, శాసనాలు అన్న వరుసతో ఆగక, ఏ కాలంలో ఎంత జనం, ఎంత సాగు, ఎన్ని చెరువులు, ఎన్ని బడులు ఉండేవో కూడా చూపాలనుకొన్నాను. నా దగ్గర చదువుకొన్న శిష్యుడొకడు కామారెడ్డిలో గణాంకాల పని చూసే ఉద్యోగి. అతణ్ణి అడిగితే నవ్వి, "ఏ ఎల్లారెడ్డి గావాలె సార్?" అన్నాడు.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు జవాబు వెంటనే తోచలేదు. నిజాం కాలంలో ఎల్లారెడ్డి ఒక తాలూకా. 1985 మే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు అదే పేరుతో అంతకంటె చిన్నదైన మండలమయింది. 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఆ పేరు ఒక రెవెన్యూ డివిజనుకు కూడా వచ్చింది. శాసనసభ నియోజకవర్గం హద్దు వేరు. ఊరి సంగతి సరేసరి. పేరు ఒకటి, పరిధులు అయిదు. నిఘంటువులో 'హరి' శబ్దానికి విష్ణువు, సింహము, గుర్రము, కోతి అని నానార్థాలు చెప్పి, ప్రకరణాన్ని బట్టి అర్థం గ్రహించాలని పిల్లలకు బోధించినవాణ్ణి. అంకెకు కూడా ప్రకరణం కావాలని నాకు ఆనాడు తెలిసింది.

జిల్లా గణాంకాల పుస్తకం అనేదొకటి ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. 'హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్' అని అట్టమీద ఉంటుంది. జిల్లాలో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం దీనిని కూర్చుతుంది. అక్కడివారు స్వయంగా లెక్కించేది కొంతే. వ్యవసాయం, నీటిపారుదల, పశుసంవర్ధకం, వైద్యం, విద్య, విద్యుత్తు, బ్యాంకులు, ఆర్టీసీ, ఇలా శాఖశాఖకూ ఖాళీ పట్టికలు పంపుతారు. నిండి వచ్చిన వాటిని మండలాల వారీగా కూడి, మొత్తం సరిపోకపోతే తిప్పి పంపుతారు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నిజానికి ఇది పాఠపరిష్కరణ.

ఈ మాట ఎందుకంటున్నానో వివరిస్తాను. బ్రౌన్ దొర ఒక కావ్యాన్ని సిద్ధం చేయించవలసి వస్తే అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, పాఠభేదాలు గుర్తింపజేసేవాడు. ఒక లేఖకుడు చేసిన తప్పు, అతని ప్రతిని చూసి రాసుకొన్నవారందరి ప్రతులలోనూ ఉంటుంది. పది ప్రతులు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమని కాదు, పదిమందీ ఒకే ప్రతిని చూసి రాశారని కావచ్చు. గణాంకాల పుస్తకానికి పట్టే జబ్బు కూడా ఇదే. పట్టిక నింపే చేతికి తీరిక లేకపోతే నిరుటి అంకె ఈ ఏటికి నడిచి వస్తుంది.

నిజాంసాగర్ సంగతి చూడండి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయానికి కట్టినప్పటి సామర్థ్యం 29.7 టీఎంసీలు. ఒండ్రు పూడి 1970ల నాటికి అది 12 టీఎంసీల లోపుకు దిగింది. తరువాత నీటిమట్టం పెంచగా 17.8 టీఎంసీలయింది. మూడూ ఆయా కాలాలకు నిజమైన అంకెలే. ఏ సంవత్సరపు లెక్కో చెప్పకుండా వాటిలో ఒకదానిని పట్టికలో పెడితే మాత్రం అసత్యమవుతుంది. 2016 తరువాత మరో చిక్కు వచ్చింది. ఆనకట్ట కామారెడ్డి జిల్లాలో ఉన్నది. ఆయకట్టు బోధన్ మీదుగా నిజామాబాదు జిల్లాలోకి సాగిపోతుంది. చెరువు ఒక పుస్తకంలో, దాని కింద పండిన వరి మరొక పుస్తకంలో.

శాఖలు ఒకదానితో ఒకటి విభేదించడం కూడా ప్రతిసారీ తప్పు కాదు. ఒక ఎకరంలో వానాకాలం మక్క, యాసంగిలో శనగ వేస్తే నికర సాగు ఒక ఎకరం, స్థూల సాగు రెండెకరాలు. నీటిపారుదల శాఖ కాలువ కింద నమోదైన ఆయకట్టు చెబుతుంది, రెవెన్యూవారు ఆ ఏడు నీరందిన పొలం చెబుతారు. కాలాలూ కలవవు. వ్యవసాయ సంవత్సరం జూన్ నుండి మే వరకు, జమాఖర్చుల సంవత్సరం ఏప్రిల్ నుండి మార్చి వరకు. బడిపిల్లల లెక్కకు చాలాకాలం సెప్టెంబరు 30 ప్రమాణం. జనాభాకు 2011 మార్చి 1. పశుగణన కొన్నేళ్ళకొకసారి. ఇన్ని కాలాలను ఒకే అట్ట కింద కుట్టవలసినవాడు వాటిని బలవంతంగా ఏకం చేయరాదు, కింద చిన్న అక్షరాలలో గమనిక రాయాలి. ఆ పుస్తకంలో నేనిప్పుడు మొదట చదివేవి ఆ గమనికలే.

ఈ కష్టం మనకు కొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అయిదు లేక పది గ్రామాలకు ఒక గోపుణ్ణి నియమించి పొలాలు, ఇండ్లు, మనుషులు, పశువుల లెక్క రాయించాలన్నాడు. అతనిపైన స్థానికుడు, అందరికీ పైన సమాహర్త. అంతటితో ఊరుకోక, గృహస్థుల వేషంలో గూఢచారులను పంపి ఆ లెక్కలను విడిగా సరిచూడమన్నాడు. రాసినవాని మాటను రాసినవానితోనే నిర్ధారించరాదని ఆయనకు తెలుసు.

మన ప్రాంతంలో సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసి జిల్లాల పాలన ఏర్పరచాడు. హైదరాబాదు రాజ్యంలో తొలి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. లెక్క ఎంత పెద్దదైనా దాని వేరు ఊరి పహాణీలోనే ఉండేది. పట్వారీ పొలానికి పోయి చూసి రాశాడా, చావడిలో కూర్చుండి రాశాడా అన్నదానిపై పై పట్టికలన్నీ ఆధారపడేవి. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ 2020లో తెలంగాణలో రద్దయింది. రాసే చేతులు మారాయి, రాయవలసిన ఊరు అక్కడే ఉన్నది.

2016లో ఈ విషయం బాగా తేటపడింది. 36 మండలాల నిజామాబాదు జిల్లానుండి 17 మండలాలు విడివడ్డాయి. దోమకొండనుండి బీబీపేట వంటి కొత్త మండలాలు అయిదు చేరి, 22 మండలాలతో కామారెడ్డి జిల్లా పుట్టింది. ఆ జిల్లాకు 2011 జనాభా దాదాపు 9 లక్షల 70 వేలని రాస్తారు. పుట్టుకకు అయిదేళ్ళ ముందటి జనాభా ఎట్లా వచ్చింది? ఊరూరి లెక్కను విప్పి కొత్త హద్దుల ప్రకారం మళ్ళీ కూడారు. ఊరి అంకె నిలిచి ఉన్నది గనుక ఎన్ని జిల్లాలైనా కట్టుకోవచ్చు. అదే తప్పయితే కొత్త హద్దులు ఆ తప్పునే పంచుకొంటాయి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రకటించినందున, ఇన్నేళ్ళుగా ఆ పాత అంకెల మీదనే అంచనాలు కట్టవలసి వచ్చింది.

ఇంత చెప్పిన నేను నిర్దోషిని కాను. ఒక పల్లెబడిలో ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజులలో ఏటా బడి వివరాల ఫారం నింపి పంపవలసి ఉండేది. బడికి నాలుగు గదులు. వానలకు ఒకదాని కప్పు కుంగి, పిల్లలను అందులో కూర్చోబెట్టడం మానివేశాము. ఫారంలో మాత్రం నిరుటిది చూసి 'తరగతి గదులు 4' అని రాశాను. మరుసటి ఏడూ అదే. మూడవ ఏడు అదనపు గదుల మంజూరు జాబితా వచ్చింది. మా బడి పేరు అందులో లేదు. అడగబోతే నా సంతకంతో ఉన్న ఫారమే చూపించారు. కాగితం మీద మాకు గదులు సరిపోను ఉన్నాయి. రెండవ తరగతి పిల్లలు మరి రెండేళ్ళు వేపచెట్టు కింద చదువుకొన్నారు. వాన వస్తే ఇంటికి పంపేవాళ్ళం. ఎవరో తప్పు లెక్క రాశారని నిందించడానికి నాకు అవకాశం లేదు. ఆ లేఖకుణ్ణి నేనే.

ఈ సంగతి శిష్యునికి చెబితే కొంతసేపు ఊరకున్నాడు. "అందుకే సార్, నిరుటి అంకె తీరుగనే వస్తే నేను ఫోన్ జేసి అడుగుత. కోపానికి వస్తరు గని, అడుగుత," అన్నాడు. శాఖల మధ్య సమన్వయం అని పెద్ద మాటతో చెప్పే పనికి నేను విన్న మంచి నిర్వచనం అదే.

నా ఎల్లారెడ్డి చరిత్రను మళ్ళీ మొదలుపెట్టాను. ప్రతి అంకె పక్కనా మూడు విషయాలు రాసుకొంటున్నాను: ఏ హద్దు, ఏ తేదీ, ఎవరు లెక్కించారు. తాలూకా కాలపు అంకెను మండలపు అంకెతో పోల్చడం మానివేశాను. పని నెమ్మదిగా సాగుతున్నది. నాలుగు పుటలలో ముగిసేటట్లు లేదు.

చివరగా ఒక మనవి. మీ ఇండ్లలో పాత పహాణీ నకళ్ళు గాని, తాలూకాల నాటి గణాంకాల పుస్తకాలు గాని ఉంటే పాత కాగితాల వానికి వేయకండి. ఈనాటి అంకెను అడగడానికి ఆనాటి ప్రతి ఒకటైనా మిగలాలి.

స్వస్తి.