డబ్లిన్ నగరం: పేటల పేర్లూ, ఇంటిపన్నులూ

ఊళ్ళ పేర్లమీదా పేటల పేర్లమీదా జరిగే తగాదాలంటే మన అభ్యుదయ మిత్రుల్లో చాలామందికి చిన్నచూపు వుంది. పునాదిని వదిలి ఉపరితలాన్ని పట్టుకు వేళ్ళాడటమని ఒకరంటారు; పనిలేని మధ్యతరగతి కాలక్షేపమని ఇంకొకరంటారు. సంప్రదాయవాదులు సరిగ్గా దీనికి ఎదురు కొసన నిలబడి, పేరంటే జాతి ఆత్మ అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ నాకు సమ్మతం కాదు. పేరు ఎవరు పెట్టారు, హద్దు ఎవరు గీశారు అని అడిగి వూరుకోకుండా, ఆ గీతకు ఇవతలివాడు ఎంత పన్ను కట్టాడు, అవతలివాడు ఎలాంటి గదిలో కాపురం చేశాడు అని కూడా అడిగితే, ఈ తగాదాలు చరిత్రకారుడికి దస్తావేజులంత పనికివస్తాయి. ఐర్లండు రాజధాని డబ్లిన్ ఇందుకు మంచి ఉదాహరణ.

ఐర్లండులో పేరు తగాదా అనగానే పాఠకులకు ఉత్తరానవున్న డెర్రీ గుర్తుకు రావచ్చు. 1613లో ఆ ఊరిని లండన్ వర్తక శ్రేణుల చేతికి అప్పగించినప్పుడు పేరు ముందు 'లండన్' తగిలించారు. ఆ మాట కలిపి పలికాడా, వదిలి పలికాడా అన్నదాన్నిబట్టి ఇప్పటికీ మనిషి పక్షం పోల్చుకుంటారు. అది పాలకుడికీ పాలితుడికీ మధ్య జరిగిన బాహాటమైన పోరు. డబ్లిన్ పేటల తగాదా అంత కేకలు వేయదు. పక్కింటివాడికీ పక్కింటివాడికీ మధ్య, మర్యాదగా, అర్జీలమీదా చట్టాలమీదా నడిచింది. అందుచేతనే దానిలోని వర్గస్వభావం సులభంగా కంటబడదు.

నేను తెలుగు సాహిత్యం చెప్పుకునేవాణ్ణి. డబ్లిన్ చూసినవాణ్ణి కాను. నన్ను ఆ ఊరి పటం ముందు కూర్చోబెట్టింది షాన్ ఓకేసీ. ఆయన 'జూనో అండ్ ది పేకాక్' (1924), 'ది ప్లౌ అండ్ ది స్టార్స్' (1926) నాటకాల్లో మనుషులంతా ఒకప్పటి దొరల మేడల్లో కాపురముంటారు; గదికొక కుటుంబం. ఆ మేడలు కట్టించిన దొరలు ఎక్కడికి పోయారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే పేటల హద్దులు తగిలాయి.

హద్దుల గొడవ డబ్లినుకు కొత్తది కాదు. మధ్యయుగాల నుంచీ ఆ నగర పాలకులు తమ పరిధిని గుర్రాలమీద చుట్టివచ్చేవారు. 1488లో అలా తిరిగిన దారి వివరాలు రికార్డులకెక్కాయి. తరవాతి రోజుల్లో మూడేళ్ళకొకసారి మేయరూ, వెనకాల వృత్తి శ్రేణులూ ఊరేగింపుగా బయలుదేరేవారు. సముద్రపు ఒడ్డుకు చేరాక నీళ్ళలోకి ఒక ఈటె విసిరేవారు. అది పడినచోటు నగరానికి తూర్పుహద్దు. నవ్వులాటగా కనిపించే ఈ తంతు వెనక సుంకం వసూలుచేసే హక్కు వుంది. నగరాన్ని అంటిపెట్టుకునే, నగరాధికారానికి లోబడని జాగాలు కొన్ని వుండేవి. వాటిని 'లిబర్టీలు' అన్నారు. ఒకటి మఠానిదై, మఠాలు రద్దయ్యాక మీత్ ప్రభువుల వంశానికి సంక్రమించింది, మరొకటి ఆర్చిబిషప్పుది. వాటికి సొంత న్యాయస్థానాలుండేవి. నగర శ్రేణుల అదుపు అంతగా లేని ఆ జాగాల్లోనే నేతపని పెరిగింది. ఫ్రాన్సునుంచి పారిపోయివచ్చిన ప్రొటెస్టెంటు నేతగాళ్ళు కొందరు అక్కడ పట్టు నేశారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ నేత కూలిపోయింది, ఆ న్యాయస్థానాలు రద్దయ్యాయి. పేరు మాత్రం మిగిలింది. 'స్వేచ్ఛ' అనే పేరుతో డబ్లిన్‌లోకెల్లా పేదపేటల్లో ఒకటి మిగిలింది!

ఇక పటం సంగతి. 1824లో బ్రిటిషు ప్రభుత్వం ఐర్లండు మొత్తాన్ని కొలిపించడానికి పూనుకుంది. శాస్త్రాభిలాష చేతకాదు; భూమిమీద స్థానిక పన్ను ఎక్కడెక్కడ ఎంత పడాలో తేల్చడానికి. 'టౌన్‌లాండ్' అనే పాత భూవిభాగాలు దేశంలో అరవైవేలకు పైగా వున్నాయి. ఒక్కొక్కదానికి ఒక హద్దూ, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరూ ఖాయం చెయ్యాలి. జాన్ ఓడనోవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి ఐరిష్ భాషలోని పాత పేర్లు విచారించాడు. ఆయన పాండిత్యానికి మనం నమస్కరించవలసిందే. కాని ఆ పాండిత్యానికి జీతమిచ్చిన అవసరం పన్నులది. ప్రసంగవశాన ఒక మాట. హైదరాబాదు సంస్థానంలో లాంబ్టన్ కింద సర్వే పని చేసిన జార్జి ఎవరెస్టు, 1820లలో సెలవుమీద వెళ్ళినప్పుడు ఈ ఐర్లండు సర్వే పద్ధతులు చూసివచ్చాడు. మన నేలా వాళ్ళ నేలా ఒకే గొలుసుతో కొలవబడ్డాయనడం వట్టి అలంకారం కాదు.

డబ్లిన్‌కు వస్తే, 1801లో ఐర్లండు పార్లమెంటు రద్దయి అధికారం లండన్‌కు పోయింది. ప్రభువులు వెంటనే పోయారు. వారి వెనక వకీళ్ళూ వర్తకులూ మెల్లగా నగరంనుంచి జరిగారు. కాని దూరం పోలేదు. దక్షిణాన గ్రాండ్ కాలువ దాటి ఆగారు. అక్కడ వున్నది రాత్‌మైన్స్. ఫ్రెడరిక్ స్టోక్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి, ఇళ్ళస్థలాలమీద పెట్టుబడి పెట్టినవాడు, తనవంటి మరికొందరితో కలిసి 1847లో పార్లమెంటు చేత ఒక చట్టం చేయించి రాత్‌మైన్సును ప్రత్యేక టౌన్‌షిప్పుగా నిలబెట్టాడు. అది మహాకరువు సంవత్సరమని పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి. దేశం ఆకలితో చస్తూవుంటే కాలువ అవతల ఇంటిపన్ను తక్కువగావుండే పేట ఒకటి పుట్టింది. 1863లో దాని పక్కనే పెంబ్రోక్ ప్రభువు ఎస్టేటుమీద మరొక టౌన్‌షిప్పు వెలిసింది. ఉత్తరాన క్లాన్‌టార్ఫ్, డ్రమ్‌కాండ్రా, పడమట కిల్‌మైనమ్ కూడా అదేదారి పట్టాయి.

దీని ఆర్థికం చాలా సులువు. రాత్‌మైన్స్ పెద్దమనిషి పొద్దున నగరంలోకి వస్తాడు. నగరం వేసిన రోడ్డుమీద నడుస్తాడు, నగరం వెలిగించిన దీపం కింద వ్యాపారం చేస్తాడు. సాయంత్రం కాలువ దాటి ఇంటికి పోయి పన్ను అక్కడ కడతాడు. ఆయన ఖాళీచేసిన మేడ నగరంలో గదులుగా అద్దెకుపోతుంది. దాని విలువ పడిపోతుంది. విలువతోబాటు నగరానికి వచ్చే పన్నూ పడిపోతుంది. మురికికాలవలూ ఆసుపత్రులూ బీదల పోషణా మాత్రం నగరం నెత్తినే వుంటాయి. 1911 జనాభా లెక్కల నాటికి దాదాపు 20,000 కుటుంబాలు ఒక్కొక్క గదిలో బతుకుతున్నాయి. ఓకేసీ పాత్రలు ఆ గదులవారే.

నీళ్ళ కథ ఇంకా తమాషా అయినది. 1860లలో జాన్ గ్రే చొరవతో డబ్లిన్ నగరం వార్ట్రీ నదినుంచి కొండనీళ్ళు తెప్పించుకుంది. టౌన్‌షిప్పులకు కూడా ఇస్తామంది. రాత్‌మైన్స్ వద్దంది, ఖర్చని. పడవలు తిరిగే కాలువలోని నీళ్ళే తన ప్రజలచేత తాగించింది. ఆ నీళ్ళమీద ఫిర్యాదులు పెరిగి పెరిగి, 1880లలో బోహర్నాబ్రీనా దగ్గర సొంత జలాశయం కట్టుకోవలసివచ్చింది. నగరంలో కలవడంకంటే చెడునీళ్ళే నయమనుకున్న పెద్దమనుషుల తర్కాన్ని మనం తెలివితక్కువగా కొట్టెయ్యరాదు. నీళ్ళలో కలిస్తే నేడోరేపో పన్నులో కలవాలని వాళ్ళకు బాగా తెలుసు.

టౌన్‌షిప్పులను నగరంలో కలపాలని 1880 ప్రాంతాల ప్రభుత్వ విచారణ సంఘమే సిఫారసు చేసింది, ఏమీ జరగలేదు. 1900లో ఉత్తర, పడమటి టౌన్‌షిప్పులు కలిశాయి. రాత్‌మైన్స్, పెంబ్రోక్ మాత్రం తప్పించుకున్నాయి. వీటి పట్టుదలకు మతాన్నే కారణంగా చెప్పే చరిత్రకారులున్నారు: నగరసభ కేథలిక్ జాతీయవాదులది, టౌన్‌షిప్పుల పెత్తనం ప్రొటెస్టెంటు రాజభక్తులది అని. నిజమే, 1918 ఎన్నికలలో దేశమంతా షిన్‌ఫేన్ గాలి వీస్తే రాత్‌మైన్స్ నియోజకవర్గం యూనియనిస్టును గెలిపించింది. కాని మతమొక్కటే కారణమైతే 1922లో దేశం స్వతంత్రమయ్యాక తగాదా తీరాలిగదా! తీరలేదు. ఇంకో ఎనిమిదేళ్ళు సాగి, 1930 చట్టంతో ఆ రెండూ నగరంలో కలిశాయి. అలాగని నగరసభ పేదల పక్షమని భ్రమపడనక్కర్లేదు. 1913 సెప్టెంబరులో చర్చ్ వీధిలో ఇళ్ళు కూలి ఏడుగురు చచ్చినప్పుడు జరిగిన విచారణలో, అలాంటి కొంపల యజమానులు నగరసభ సభ్యుల్లోనే వున్నట్టు తేలింది.

వీధుల పేర్లకూ ఇదే కొలత పనికివస్తుంది. 1884లో నగరసభ శాక్‌విల్ వీధికి ఓకానెల్ పేరు పెట్టబోయింది. ఆ వీధిలోని ఆస్తిపరులు న్యాయస్థానానికి వెళ్ళి, పేరు మార్చే అధికారం సభకు లేదని ఆజ్ఞ తెచ్చారు. చట్టప్రకారం పేరు మారింది 1924లో. ఆ వీధిలో ఓకానెల్ విగ్రహాన్ని రూపొందించిన శిల్పి ఫోలీ పుట్టింది అక్కడికి దగ్గరలోనే, మాంట్‌గోమరీ వీధిలో. పడుపువృత్తికి యూరపంతటా పేరుమోసిన 'మాంటో' పేట పేరు ఆ వీధినుంచే వచ్చింది. అక్కడ పేర్లు మార్చడానికి ఏ న్యాయస్థానమూ అడ్డురాలేదు. మాంట్‌గోమరీ వీధి ఫోలీ వీధి అయింది. మెక్లెన్‌బర్గ్ వీధి టిరోన్ వీధి అయి, తరవాత రైల్వే వీధి అయింది. బోర్డులు మారుతూనే వున్నాయి; ఆ ఆడవాళ్ళ బతుకు మారలేదు. 1925లో పోలీసులు వచ్చి పేటను ఖాళీ చేయించారు. జాయిస్ 'యులిసిస్'లోని రాత్రి ఘట్టం ఆ పేటదే.

సరే, 1930తో హద్దు చెరిగింది. 1978నాటికి ఇళ్ళమీద పాత పన్ను కూడా రద్దయింది. ఇక తగాదాకు పని లేదనిపిస్తుంది. కాని అప్పటికి ఇల్లు కాపురానికే కాక అమ్మకానికి కూడా అయింది. హద్దు చేసిన పనిని పేరు చెయ్యడం మొదలుపెట్టింది. 1917లో తపాలావారు తమ సౌకర్యంకోసం నగరాన్ని అంకెలుగా విభజించారు: లిఫీ నదికి ఉత్తరాన బేసి, దక్షిణాన సరి. ఉత్తరపు ఒడ్డున వున్న దేశాధ్యక్షుని భవనానికి మాత్రం 8 వేశారు. 1961నుంచి ఆ అంకెలు వీధి బోర్డులమీద కెక్కాయి. పాత పెంబ్రోక్ 4 అయింది, రాత్‌మైన్స్ 6 అయింది. 'డబ్లిన్ 4' అంటే చాలు, కలిగినవాడి మాటతీరుకూ చూపుకూ అదే పేరు. ఓడరేవు కూలీల రింగ్స్‌ఎండ్, ఐరిష్‌టౌన్ పేటలు పెంబ్రోక్ టౌన్‌షిప్పులోనివే, ఆ 4లోనివే. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

1980లలో 6 బాగా పెరిగిపోయి రెండుగా చీల్చవలసివచ్చింది. వరసప్రకారం టెంపులోగ్, కిమ్మేజ్ వైపు వాళ్ళకు 26 రావాలి. వాళ్ళు ససేమిరా అన్నారు. ఎందుకంటే 24 టాలాది, 22 క్లొండాల్కిన్‌ది. నగరం తన పేదలను తరలించి కొత్తగా ఇళ్ళు కట్టించిన పేటలవి. 26 అంటే ఆ వరసలో కూర్చోవడం. అర్జీలు పడ్డాయి. 1985లో తపాలావారు దిగివచ్చి, పడమరకు ఇంగ్లీషు పొడి అక్షరం తగిలించి '6 డబ్ల్యు' అన్నారు. నగరం మొత్తంమీద అంకె పక్కన అక్షరమున్న విభాగం అదొక్కటే.

నది అవతల బాలీమన్ కథ ఇంతకంటే కష్టపెడుతుంది. 1963 జూన్‌లో బోల్టన్ వీధిలోనూ ఫీనియన్ వీధిలోనూ పాత ఇళ్ళు కూలి నలుగురు చచ్చారు. ఆ భయంలో ప్రభుత్వం నగరపు ఉత్తరపు అంచున బాలీమన్‌లో 1966–69 మధ్య పెద్ద ఎత్తున మేడలు కట్టించింది. ఏడు మేడలు పదిహేనేసి అంతస్తులవి. 1916 తిరుగుబాటు ప్రకటనమీద సంతకం చేసిన ఏడుగురి పేర్లు వాటికి పెట్టారు. అందులో ఒకటి జేమ్స్ కానలీ పేరు: ఐర్లండులో సోషలిస్టు పార్టీ స్థాపించి, కార్మికుల చేతికి తుపాకి ఇచ్చి, కాల్చివేయబడ్డ కానలీ. అంతవరకు బాగానే వుంది. అంగళ్ళూ వసతులూ సకాలంలో రాలేదు, లిఫ్టులు చెడ్డాయి, పనులు దొరకలేదు. చిరునామా చూసి ఉద్యోగానికి పిలవరని బాలీమన్ వాళ్ళు చెప్పుకునేవారు. అప్పుడు, 1970లలో, పక్కనే సొంత ఇళ్ళున్న బాలీమన్ ఎవెన్యూ వాసులు ఓటు వేసుకుని తమ వీధికి గ్లాస్నెవిన్ ఎవెన్యూ అని పేరు మార్పించుకున్నారు. బాలీమన్ పాత పేరు, మేడలకంటే ఎన్నో తరాల పాతది. అది దేశవీరుల పేర్ల మేడలున్న చోటే కళంకమైపోయింది.

ఆ వీధివాళ్ళను తిట్టడం సులభం. నేను తిట్టను. జీవితమంతా వాయిదాలు కట్టి ఒక ఇల్లు సంపాదించిన గుమాస్తాకు ఆ ఇంటి విలువ తప్ప వెనక వేసుకున్నది మరేమీ లేదు. రాత్‌మైన్స్ స్టోక్స్ హద్దు గీసుకున్నది లాభంకోసం. గుమాస్తా పేరు మార్చుకున్నది భయంతో. ఈ రెంటినీ ఒకే గాటకట్టే విమర్శ, సగం చదివిన విమర్శ.

మేడలను 2004నుంచి కూల్చడం మొదలుపెట్టి 2015లో చివరిదాన్ని, ప్లంకెట్ పేరున్నదాన్ని, కూల్చారు. గ్లాస్నెవిన్ ఎవెన్యూ మళ్ళీ బాలీమన్ కాలేదు. ఈలోగా రింగ్స్‌ఎండ్ రేవుల పక్కన గూగుల్ మొదలైన అమెరికా కంపెనీలు దిగాయి. పత్రికలు ఆ జాగాను 'సిలికాన్ డాక్స్' అనడం మొదలుపెట్టాయి. అక్కడ తాతల కాలంనుంచి ఓడల సరుకు మోసినవాళ్ళ పిల్లలు అది రింగ్స్‌ఎండే అంటారు. ఇది వాళ్ళ పక్షాన ఆస్తి లేని తగాదా. 2015లోనే ఐర్లండు ప్రతి ఇంటికీ విడిగా ఏడక్షరాల తపాలా సంకేతం ఇచ్చింది. యంత్రానికి పేటతో పనేమీ లేదు. అయినా మొదటి మూడక్షరాల్లో డబ్లిన్ పాత అంకెలు అలాగే వుంచారు. టెంపులోగ్ ఇళ్ళ సంకేతం 'డి6డబ్ల్యు'తో మొదలవుతుంది.