కొన్నవాని కన్ను – అమ్మినవాని మాట

నీటిలోనున్న బఱ్ఱెను బేరమాడరాదని మన పెద్దలు చెప్పుదురు. సంతలో ఎద్దును కొనబోయిన రైతు దాని పళ్ళు చూచును, సుళ్ళు చూచును, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచును. ఇంత చూచి కొన్నను, ఇంటికి తోలుకొని వచ్చిన మరునాడే ఎద్దు కుంటినచో నేమి చేయవలెను? ఈ ప్రశ్న మిక్కిలి పాతది. నేడు ఎద్దు స్థానమునకు మోటారుకారు వచ్చినది. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము పోసి, ఒక గృహస్థు వాడిన కారును మరియొక గృహస్థు కొనుచున్నాడు. వారము తిరుగకమునుపే ఇంజను మొరాయించినచో చట్టము మనకు తోడు వచ్చునా? వచ్చినచో ఎంతదూరము వచ్చును? చరిత్రనే అడిగి చూతము.

కొన్నవాని పశ్చాత్తాపమును మన ప్రాచీనులు తేలికగా తీసివేయలేదు. దానికి క్రీతానుశయమని పేరిడి, న్యాయసభలో విచారింపదగిన వివాదములలో నొకటిగా గణించిరి. యాజ్ఞవల్క్యస్మృతి సరుకును బట్టి పరీక్షకు గడువు నిర్ణయించినది. విత్తనములకు 10 దినములు, పాడిపశువునకు 3 దినములు, బరువులు మోయు పశువునకు 5 దినములు. రోగముగల పశువును ఆరోగ్యముగలదని చెప్పి అమ్మినవానికి కౌటిల్యుని అర్థశాస్త్రము 12 పణముల దండనము విధించినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కనుక ఈ వ్యవహారధర్మము తెలుగువారికి క్రొత్త కాదు.

రోమునగరమునను ఇట్టి ఆలోచనయే కలిగినది. అచ్చట అంగళ్ళను పర్యవేక్షించు అధికారులు, బానిసలను పశువులను అమ్మువారు వాని దోషములను ముందుగా వెల్లడింపవలెనని శాసించిరి. వెల్లడింపనిచో 6 మాసములలోపల బేరమును రద్దుచేయింపవచ్చును. లేదా సంవత్సరములోపల ధరలో తగ్గింపు కోరవచ్చును.

ఆంగ్లదేశపు న్యాయము వేరుదారి పట్టినది. పశువుల కడుపులో పుట్టి విషమును విఱుచునని ఆనాటివారు నమ్మిన ఒక రాతిని ఒక కంసాలి 100 పౌనులకు అమ్మెను. అది నిజమైన రాయి కాదని కొన్నవాడు వ్యాజ్యమాడెను. 1603లో న్యాయమూర్తులు, అమ్మినవాడు అది ఫలానా రాయియని చెప్పెనే గాని, అందులకు పూచీ పడలేదని వ్యాజ్యమును త్రోసివేసిరి. కొనువాడే మెలకువతో నుండవలెనను సూత్రమునకు ఈ తీర్పు ఒక పేరుమోసిన ఉదాహరణము. మన పూర్వులు కొన్నపిమ్మట పరీక్షకు దినములిచ్చిరి. ఈ సూత్రము పరీక్షను కొనుటకు ముందే ముగింపుమన్నది.

మన దేశమునకు సంక్రమించినది ఈ రెండవ మార్గమే. 1930 నాటి సరకుల విక్రయచట్టము 16వ విభాగము ప్రకారము, సరుకు మేలిమిని గూర్చి చెప్పని పూచీ సామాన్యముగా లేదు. అందలి ముఖ్యమైన మినహాయింపులు ఆ సరుకుతో వ్యాపారము చేయువారికే వర్తించును. తన సొంతకారును అమ్ముకొను గృహస్థు వ్యాపారి కాడు. వినియోగదారుల రక్షణకై 1986లో వచ్చిన చట్టముగాని, దాని స్థానమున వచ్చిన 2019 నాటి చట్టముగాని ముఖ్యముగా వ్యాపారులను, సేవలందించువారిని ఉద్దేశించినవే. కనుక గృహస్థుతోడి వివాదమునకు దారి సివిలు న్యాయస్థానమే.

అయినను కొన్నవాడు నిరాయుధుడు కాడు. ఆ కారును అమ్ముటకు తనకు హక్కు కలదను పూచీ, వేరుగా చెప్పకున్నను, ప్రతి అమ్మకందారుపైనను కలదు. దొంగకారని తేలినచో గృహస్థునకును తప్పించుకొను వీలు లేదు. ఇక మాటకును మౌనమునకును గల భేదమును 1872 నాటి ఒడంబడికల చట్టము గుఱ్ఱపు బేరముతో విశదీకరించినది. గుఱ్ఱమునకు దోషమున్నదని యెఱిగియు వేలములో నోరు మెదపక అమ్మినచో అది మోసము కాదు. కాని కొనువాడు, “మీరు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదని యెంచెదను” అని పలికినపుడు అమ్మువాడు ఊరకున్నచో, ఆ మౌనము మాటతో సమానము. దోషమును పూనుకొని కప్పిపుచ్చుటయు, అబద్ధమని యెఱిగి చెప్పుటయు మోసమే. అట్టి బేరమును కొన్నవాడు రద్దుచేసికొనవచ్చును, నష్టపరిహారమును కోరవచ్చును. మోటారు మీటరును వెనుకకు త్రిప్పి, తక్కువ దూరము తిరిగినట్లు చూపి అమ్ముట ఈ కోవలోనిదే.

అమాయకముగా పలికిన తప్పుమాట సంగతి యేమి? ఆంగ్లదేశపు తీర్పులు రెండు దీనికి వెలుగు చూపుచున్నవి. 1939 నాటి కారును ఒక గృహస్థు 1948 నాటిదని చెప్పి అమ్మెను. అతని చేతిలోని పుస్తకము నందును అట్లే యుండెను. అతడు తెలిసి చెప్పినది కాదనియు, అది పూచీ కాదనియు 1957 నాటి తీర్పుల సంపుటమున కలదు. 1965లో వేఱొక వ్యాజ్యమున, కారు తిరిగిన దూరమును తప్పుగా చెప్పిన వ్యాపారి మాటను మాత్రము పూచీగానే గణించిరి. నిజము తెలిసికొను వీలు వ్యాపారికి కలదు గదా! రెండు తీర్పులలోను లార్డ్ డెన్నింగ్ పాలుపంచుకొనెను.

దీనినిబట్టి మనకు తేలినదేమి? చట్టము నోరులేని బేరమునకు కాపు కాయదు. అడిగిన ప్రశ్నకును, ఇచ్చిన జవాబునకును కాపు కాయును. పైగా అమ్మినవాని మౌనమే మోసమైనను, సామాన్యమైన శ్రద్ధతో కనిపెట్టదగిన దోషమును కొన్నవాడు కనిపెట్టనిచో, బేరము రద్దగు వీలు లేదని 1872 నాటి చట్టమే హెచ్చరించుచున్నది. కావున ముందు మెకానిక్కుచే బండిని చూపింపవలెను. ప్రమాదము జరిగినదా, ఇంజను విప్పిరా, అప్పు మిగిలియున్నదా యని అడుగవలెను. జవాబులను కాగితముపై వ్రాయించి చేవ్రాలు చేయించుకొనవలెను. ఆ కాగితమే పూచీ. అది తప్పినచో నష్టమును రాబట్టుకొను హక్కు కలదు. ఒడంబడిక వ్యాజ్యమునకు సాధారణపు గడువు 3 సంవత్సరములు.

ఇరుగుపొరుగువారిని ఇట్లు అడుగుటకు మనకు మొగమోటము. కాని నేడు అడుగుటకు సంకోచించినవారే రేపు న్యాయస్థానపు మెట్లపై నొకరి మొగము నొకరు చూడలేక నిలుతురు. బఱ్ఱెను నీటినుండి ఒడ్డునకు రప్పించి బేరమాడుట అవమానము కాదు, ఇరువురికిని మర్యాద.